మంట సర్టిఫికెట్టు నంబరు ఒకటి

మంట గురించి నాకు తెలియని విషయం లేదు. ఇది గొప్పకి చెప్పుకుంటున్న మాట కాదు, నా దగ్గర సర్టిఫికెట్టు ఉండేది. పైన బంగారు రంగులో ‘మంట ఉష్ణోగ్రతా నియంత్రణ అర్హత పత్రం, నంబరు ఒకటి’ అని అచ్చు, మధ్యలో దూసి పరమేశం అని నా పేరు, కింద సంచాలకులవారి సంతకం. అలాంటి కాగితం ఉన్నవాడు అప్పటికి నేనొక్కణ్ణే. అది నా చేతిలోంచి ఎలా పోయిందో చెప్పడానికే ఈ కథ రాస్తున్నాను.

మా ఆధునిక పొయ్యిల మండలి ఆ సర్టిఫికెట్టు కోసం మూడు రోజుల శిక్షణ పెట్టింది. శిక్షణ జరిగిన ఏసీ హాల్లో అగ్గిపుల్ల గీస్తే చాలు, పైకప్పులోంచి నీళ్ళు కురుస్తాయి. అందుకని మంటను తెరమీద బొమ్మగా చూపించారు. చిన్న మంట, మధ్యరకం మంట, పెద్ద మంట. మూడో రోజు పరీక్ష పెడితే నాకు తొంభై ఆరు మార్కులొచ్చాయి. ‘పొయ్యి వెలిగినదని ఎట్లు తెలుసుకొందురు?’ అన్న ప్రశ్న దగ్గర నాలుగు పోయాయి. నేను ‘పై అధికారుల ద్వారా’ అని రాశాను. ‘ముల్లు చూసి’ అని రాయాలట.

సర్టిఫికెట్టు పట్టుకుని ఇంటికెళ్ళి మా ఆవిడ రాజ్యానికి చూపించాను. ఆవిడ రెండు సార్లు చదివి, పొంగుతున్న పాలు కూడా మరిచిపోయి నవ్వింది. నవ్వదూ మరి! ఇంట్లో గ్యాసు లైటరు నొక్కితే నిప్పురవ్వ వస్తుందని నేను వెనక్కి గెంతే రకాన్ని.

“మంటకి మీరా ట్రైనింగిచ్చేది? పాపం మంట!” అంది.

ఇక పొయ్యి సంగతి. మా సంచాలకులు అంపోలు ఆదిశేషు గారు ఏదో చలిదేశం వెళ్ళి, అక్కడ హోటల్లో గాజు తలుపు వెనక కట్టెలు కాలడం చూసి మనసు పారేసుకుని వచ్చారు. అలాంటి పొయ్యిలే మన చలికొండల్లోని హాస్టళ్ళ వంటగదుల్లో పెట్టించారు. నల్లటి ఇనప పొయ్యి, ముందు గాజు తలుపు, పైన గిన్నె పెట్టడానికి రేకు, కింద గాలి పోవడానికి కంత, ఆ కంతను మూసి తెరవడానికి ఒక పిడి. వెనక పొగగొట్టం మీద గడియారమంత బిళ్ళ, అందులో ముల్లు. ముల్లు నీలంలో ఉంటే కట్టె కుమిలి పొగ చిమ్ముతోందని, గొట్టంలో మసి పేరుకుంటోందని అర్థం. ఎరుపులో ఉంటే ఇనుము చెడిపోతోందని. పచ్చలో ఉంటే మంట సరిగ్గా ఉందని. ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. అసలా పొయ్యి చాలా మంచి పొయ్యి. ఈ కథలో దాని తప్పేమీ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

ఆ బిళ్ళలో ఒక సిమ్ము కూడా ఉంది. ముల్లు ఎక్కడుందో అరగంటకోసారి సంచాలకులవారి ఫోనుకు చేరిపోతుంది. దాన్ని బట్టి హాస్టళ్ళకు ర్యాంకులు.

పొయ్యిల వెనకే ఉత్తర్వు వచ్చింది: “ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, అర్హత పత్రము లేని ఏ వ్యక్తియు గాలి పిడిని ముట్టరాదు. ముప్పది దినములలోగా అర్హత సాధించని వంట సిబ్బందిని విధుల నుండి తొలగించవలెను.” నేర్పడానికి నన్ను గుమ్మలబంద హాస్టలుకు పంపారు. చింతపల్లి దాటాక ఇంకా పైకి పోతే వస్తుంది. ఎనభై నాలుగుమంది ఆడపిల్లలు, సత్యవేణి అని ఒక వార్డెను, పదహారేళ్ళుగా వండిపెడుతున్న కొర్రా సుక్రమ్మ. ఆవిడ మిగలాలో పోవాలో తేల్చవలసినవాణ్ణి నేను.

నేను వెళ్ళిన పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, సుక్రమ్మ మాట వినబడిన తర్వాత మనిషి కనబడింది. ఏభై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా ఉంది. నన్ను, నా ఫైలును ఎగాదిగా చూసింది.

“పొయ్యి ముట్టించడం నేర్పడానికి పట్నం నుంచి వొచ్చినారా బాబూ?”

“ముట్టించడం కాదమ్మా, ఉష్ణోగ్రతా నియంత్రణ.”

“అలాగా! సేసి సూపించండి, సూస్తాను.”

పుస్తకం ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో చేసి చూపించాను. తొడలావు దుంగలు ఆరు పేర్చి, మీద కిరసనాయిలు పోసి వెలిగించాను. భగ్గుమంది. నేను వెనక్కి గెంతాను. పద్నాలుగో పేజీలో ‘గాలిని పొదుపుగా వాడవలెను’ అని ఉంది. పొదుపంటే మన ప్రాణం కదా, పిడి పూర్తిగా మూసేశాను. మంట చప్పున ఆరి, పొగ మొదలైంది. రేకు సందుల్లోంచి, తలుపు సందుల్లోంచి, గొట్టం అతుకుల్లోంచి వంటగదిలోకి, అక్కణ్ణించి భోజనాల గదిలోకి, పిల్లల గదుల్లోకి పాకింది. ముల్లు నీలం వదిలి కదల్లేదు. పిల్లలంతా కళ్ళు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. ఎనభై నాలుగుమంది నా మూలంగా ఒకేసారి ఏడవడం నా సర్వీసులో అదే మొదలు.

“బాబూ, బయటికి రండి. ముందు మీరు బతకండి, నేర్పడం తరవాత సూద్దాం” అని సుక్రమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

తర్వాత ఆవిడే లోపలికెళ్ళి దుంగలు బయటికి లాగింది. రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టింది. మొద్దుగా చప్పుడైంది. “ఇది ఇంకా సెట్టే బాబూ, కర్ర అవనేదు” అని పక్కన పడేసింది. చూరు కింద దాచిన మణికట్టు లావు కర్రలు రెండు తెచ్చి కొట్టింది. టంగుమన్నాయి. గాలి పిడి పూర్తిగా తెరిచి, చితుకులు పేర్చి, అగ్గిపుల్ల ఒక్కటి గీసింది. కిరసనాయిలు లేదు. చితుకులు బాగా అంటుకున్నాక సన్న కర్రలు, అవి రాజుకున్నాక లావు కర్రలు వేసింది. మంట పైదాకా నాలుకలు చాచినప్పుడు పిడి సగం వెనక్కి నెట్టింది. కాసేపటికి ఇంకొంచెం నెట్టింది. ముల్లు మెల్లగా లేచి పచ్చ మధ్యలో కూచుంది. ఆవిడ ముల్లు వైపు చూడనైనా లేదు. రేకు మీద జానెడెత్తున అరచెయ్యి పెట్టి చూసింది, బయటికెళ్ళి గొట్టం వైపు చూసింది.

“పొగ నేదు. బాగుంది బాబూ ఇది. సగం కర్రకే పనవుతాది. మంచి పొయ్యి తెచ్చినారు.”

ఇంతకంటే ఏం కావాలి? కానీ నేనేం చేశానో చెబితే మీరు నన్ను తిడతారు. తిట్టండి. ఆ రోజు నివేదికలో ‘అభ్యర్థిని అనధికారికముగా పిడిని ముట్టినది’ అని రాశాను.

మర్నాటి నుంచి నిబంధన తు.చ. తప్పకుండా నడిపించాం. సుక్రమ్మ పిడి ముట్టకూడదు కాబట్టి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడేది. “బాబూ, తీయండి. ఇంకొంచెం. సాలు, సాలు! నెట్టండి. అబ్బ, అంత కాదు!” అంటూ ఉంటే నేను తీస్తూ నెడుతూ ఉండేవాణ్ణి. శిక్షణ ఇస్తున్నది నేను. ముల్లు పచ్చలో ఉండేది.

పది రోజులయ్యాక పరీక్ష పెట్టాను. ముల్లును గంటసేపు పచ్చలో నిలపాలి. పరీక్ష కాబట్టి ఆ గంటకు పిడి ముట్టే అనుమతి ఇచ్చాను. ఆవిడ మూడు గంటలు నిలిపింది, మధ్యలో చింతపండు పిక్కలు తీసుకుంటూ. తర్వాత రాతపరీక్ష. సుక్రమ్మ ఐదో తరగతి చదివింది, అక్షరాలు గుండ్రంగా రాస్తుంది. ‘గాలి పిడిని ఎంత మేర తెరువవలెను?’ అన్నదానికి ‘కర్రని బట్టి’ అని రాసింది. నాకిచ్చిన జవాబుల కాగితంలో ‘నలుబది ఐదు డిగ్రీలు’ అని ఉంది. ‘కట్టెను ఎప్పుడు వేయవలెను?’ అన్నదానికి ‘పొయ్యికి ఆకలేసినప్పుడు’ అని రాసింది. ‘ప్రతి ఇరువది రెండు నిమిషములకు’ అని ఉండాలి. పదికి పది ప్రశ్నలూ ఇదే వరస. సున్నా వేశాను. ఎర్ర సిరాతో, నేనే, నా చేత్తోనే.

సుక్రమ్మ ఆ సున్నా చుట్టూ వేలు తిప్పింది.

“ఈ పని పోతే కాపీ తోటలకి పోవాల బాబూ. గింజ ఏరాలంటే నడుం వొంగదు. పోనీ నా సంగతి ఒగ్గీండి. ఈ పిల్లల్లో ఎవులికి కారం పడదో, ఎవులికి జొరం వొస్తే జావ కాయాలో కొత్తోళ్ళకి ఎవులు సెప్తారు?”

“నెలాఖరుకి ఇంకో పరీక్ష ఉందమ్మా” అన్నాను. నాకా నమ్మకం లేదు. ఆవిడ రాసిన జవాబులన్నీ సరైనవి కాబట్టి, మళ్ళీ రాసినా అవే రాస్తుందని నాకు తెలుసు.

ఇంతలో పై నుంచి కబురు. గుమ్మలబందలో మనుషుల ఫోన్లకు సిగ్నలు లేదు, పొయ్యికి మాత్రం ఉంది. నాతో మాట్లాడాలంటే నేను నీళ్ళ ట్యాంకు ఎక్కాలి. రోజూ పదిన్నరకు ఎక్కి, ఆదిశేషు గారికి నమస్కారం పెట్టి, దిగేవాణ్ణి.

“పరమేశం! నిన్న పదకొండు గంటల నుంచి పన్నెండున్నర దాకా మీ ముల్లు నీలంలోకి పతనమైంది. ఇది తీవ్రంగా పరిగణించవలసిన విషయం. కారణం?”

“ఎసరు పెట్టామండి. పెద్ద గంగాళం నిండా చన్నీళ్ళు. వేడంతా గిన్నె లాగేసుకుంటే గొట్టంలోకి ఏం పోతుందండి? అది సహజమే.”

“అంటే పాత్రే కారణమంటావు!”

“అవునండి, కానీ...”

“కానీ లేదు. మూలకారణం గుర్తించావు, సంతోషం. కమిటీ వేస్తున్నాను.”

కమిటీ రెండు రోజుల్లో తేల్చేసింది. ఉత్తర్వు నేను ట్యాంకు మీద నిలబడే చదువుకున్నాను: “పాత్ర ఉంచుట వలన ఆధునిక పొయ్యి ఉష్ణోగ్రతా సమతౌల్యము దెబ్బతినుచున్నదని నిపుణుల పరిశీలనలో తేలినందున, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పొయ్యిపై ఏ విధమైన పాత్రను ఉంచరాదు.”

దిగి సుక్రమ్మకు చెప్పాను. ఆవిడ నా మొహం కేసి చూసింది, పొయ్యి కేసి చూసింది.

“గిన్నె పెట్టని పొయ్యేటి బాబూ?”

“ఉత్తర్వు అమ్మా.”

సుక్రమ్మ వెళ్ళి, వంటగది వెనక మూడు రాళ్ళు పేర్చి, మీద రేకు ఒకటి వాల్చి, అక్కడ వండడం మొదలుపెట్టింది. ఆవిడ పొద్దున్నే ముట్టించి పోతే, లోపల ఖాళీ పొయ్యి ముల్లును పచ్చలో పెట్టుకుని హాయిగా మండుతూ ఉండేది. నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూచునేవాణ్ణి. మా హాస్టలు పన్నెండో ర్యాంకు నుంచి నాలుగుకు ఎగబాకింది.

నాలుగు చాలదన్నారు ఆదిశేషు గారు. రోజులో కొన్నిసార్లు ముల్లు కాస్త జంకుతోందట. కట్టె వేయడానికి గాజు తలుపు తీసినప్పుడు లోపలికి చల్లగాలి పోతుంది, అందుకని అన్నాను. నా నోరు పడిపోను! మూడో రోజుకల్లా రెండో ఉత్తర్వు: “పొయ్యి వెలుగుచుండగా తలుపు తెరువరాదు.”

సత్యవేణి మేడం కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. “మరి కర్ర ఎలా వేస్తారండీ?” అని అడిగింది. నేను దాని గురించి స్పష్టత కోరుతూ లేఖ రాశాను. స్పష్టత వచ్చేలోగా పొయ్యి ఆరిపోయింది.

ముల్లు నీలంలోకి జారుతోంది. నా ఇంక్రిమెంటు, నా పేరు, సర్టిఫికెట్టు నంబరు ఒకటి, అన్నీ దానితో పాటు జారుతున్నాయి. ఆ భయంలో నాకొక ఆలోచన తట్టింది. అలాంటివి నాకు ఎప్పుడోగానీ తట్టవు, తట్టినప్పుడల్లా ఎవరికో ఒకరికి నష్టమే జరుగుతుంది. కరెంటు పోతే వాడే కొవ్వొత్తి ఒకటి తెచ్చి, బిళ్ళ కింద గొట్టానికి తీగతో కట్టి వెలిగించాను. ముల్లు లేచింది. కొవ్వొత్తిని ఒక అంగుళం కిందికి దించితే సరిగ్గా పచ్చ నడుమకొచ్చి ఆగింది. పగలు రెండు కొవ్వొత్తులు, పొద్దుపోయాక రెండు. ఇదే నేను సొంతంగా సాధించిన ఉష్ణోగ్రతా నియంత్రణ.

ఆ వారం గుమ్మలబంద మొదటి ర్యాంకు. సంచాలకులవారు ఫోనులో గద్గదమైపోయారు. “పరమేశం! వారం రోజులపాటు ముల్లు వెంట్రుకవాసి కూడా కదలకపోవడం పొయ్యిల చరిత్రలో అపూర్వం. అత్యల్ప కట్టె వినియోగం! నేనే స్వయంగా వచ్చి షీల్డు ఇస్తాను.”

“ధన్యుణ్ణండి.”

“ఇంకో విషయం. నీ నివేదికల ప్రకారం పొయ్యి మీద పాత్ర లేదు. పాత్ర లేని చోట వంట లేదు. వంట లేని చోట వంటమనిషి ఎందుకు? ఆ పోస్టును మిగులుగా ప్రకటించాం. నెలాఖరున రిలీవింగు ఉత్తర్వు కూడా నేనే తెస్తున్నాను.”

ట్యాంకు దిగి వంటగది వైపు నడిచాను. దాని వెనక సుక్రమ్మ మూడు రాళ్ళ దగ్గర వంగి ఊదుతోంది. ఆ మూడు రాళ్ళ సంగతి నేను ఏ నివేదికలోనూ రాయలేదు, రాస్తే ర్యాంకు పోతుందని. ఎనభై నాలుగుమంది రోజుకు మూడు పూటలా తింటున్న అన్నం కాగితం మీద ఎక్కడా లేదు. దాన్ని మాయం చేసినవాణ్ణి నేనే. విషయం చెప్పేటప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. గాలి అవతలికి కొడుతోంది, ఆ నీళ్ళను పొగ మీదికి నెట్టడానికైనా వీల్లేకపోయింది.

సుక్రమ్మ ఊదడం ఆపి లేచి నిలబడింది.

“ఆ కొవ్వొత్తి సంగతి మీ అయ్యగారికి సెప్పగలరా బాబూ?”

నేను ట్యాంకు కేసి చూశాను.

“సెప్పనేరు. మీరు మంచోరే. భయం ఎక్కువ” అని మళ్ళీ వంగి ఊదుకుంది.

నెలాఖరు రోజు తెల్లారేసరికి తుపాను వాన. గాలికి వెనక రేకు ఎగిరి లోయలో పడింది. మూడు రాళ్ళ మీద నీళ్ళు పారుతున్నాయి. పిల్లలకు పొద్దున అటుకులు పెట్టి సరిపెట్టారు. ఆ వానలోనే పదకొండుకు జీపు దిగారు ఆదిశేషు గారు. శాలువా, షీల్డు, ఒక కవరు. వాగు పొంగిందని, సాయంత్రం దాకా వెనక్కి పోయే దారి లేదని డ్రైవరు చెప్పాడు.

ముందు పొయ్యి దర్శనం. కొవ్వొత్తి కనబడకుండా నేను గొట్టానికి వీపు ఆనించి నిలబడ్డాను. చొక్కా కొంచెం కమిలింది. ఆయన ముల్లును చూసి చేతులు జోడించినంత పని చేశారు. తర్వాత పొయ్యి రేకు మీద అరచెయ్యి ఆనించారు. పొయ్యి చల్లగా ఉంది.

“అద్భుతం!” అన్నారు. “ముల్లు పచ్చలో ఉంది, అయినా చెయ్యి కాలడం లేదు! ఎంతటి నియంత్రణ!”

నాకు షీల్డు, సుక్రమ్మకు కవరు ఇచ్చారు. ఆవిడ కవరు విప్పి, కాగితం మొదటి నుంచి చివరి దాకా చదువుకుని, మడిచి కొంగున ముడేసుకుంది. గోడ వార పీట మీద కూచుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

పన్నెండైంది. ఒంటిగంటైంది. పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో కూచున్నారు. మొదట కాసేపు గోల చేశారు, తర్వాత అదీ మానేశారు.  ఆదిశేషు గారు గడియారం చూసుకున్నారు.

“భోజనం ఏర్పాట్లు ఏ దశలో ఉన్నాయి?”

“వెనక రాళ్ళ పొయ్యి తడిసిపోయిందండి” అంది సత్యవేణి మేడం.

“రాళ్ళేమిటి? ఇంత పొయ్యి ఉండగా! ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా ఈ ఒక్క పూటకు పాత్రను అనుమతిస్తున్నాను. పరమేశం, అర్హత పత్రం ఉన్నవాడివి, కానివ్వు.”

కానిచ్చాను. నెల రోజులుగా ఆవిడ చెప్పినవన్నీ గుర్తు తెచ్చుకున్నాను. కర్రలు కొట్టి చూశాను, రెండు రకాల చప్పుళ్ళూ నాకు ఒకేలా వినిపించాయి. చితుకులు పేర్చి అగ్గిపుల్ల గీశాను. ఆరింది. మళ్ళీ గీశాను. పదో పుల్లకు అంటుకుంది. సంతోషం పట్టలేక పైన లావు కర్ర వేశాను, మంట దాని కింద నలిగి చచ్చింది. పొగ మొదటి రోజుకన్నా ఎక్కువ వచ్చింది. సంచాలకులవారు శాలువా మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ గుమ్మంలోకి పరుగెత్తారు. అక్కడ వాన. మళ్ళీ లోపలికొచ్చారు.

“ఆ వంటమనిషి ఉందిగా! ఆవిణ్ణి వెలిగించమను!”

సుక్రమ్మ పీట మీంచి లేవలేదు. కొంగుముడి విప్పి కాగితం చూపించింది.

“నానిప్పుడు ఎవుల్ని బాబూ? నాను లేనట్టే ఈ కాయితంలో రాసినారు. సర్టిపికెట్టు నేదు. పిడి ముడితే తప్పని ఈ బాబే రాసినాడు.”

కోపంగా అనలేదు.  ఆవిడ చూపు మా మీద లేదు, కంచాల వరస మీద ఉంది. లేచి వండాలని ఆవిడ చేతులు కొట్టుకుంటున్నాయి, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని ఆపుకుంది. అది చూశాక ఇంక నాకు భయం వేయలేదు. వేసి ఉంటే బాగుండేదని తర్వాత ఆఫీసులో చాలామంది అన్నారు.

గొట్టం దగ్గరికి వెళ్ళి తీగ విప్పి, వెలుగుతున్న కొవ్వొత్తి తెచ్చి ఆదిశేషు గారి ముందు పట్టుకున్నాను.

“ఇదండీ మీ మొదటి ర్యాంకు. పొయ్యి ఆరిపోయి పది రోజులైంది. ఈ పిల్లల్ని ఇన్నాళ్ళూ బతికించింది వెనక ఉన్న ఆ మూడు రాళ్ళు, ఈవిడాను. నాకు పొయ్యి వెలిగించడం రాదు, ఎప్పుడూ రాలేదు.”

ఫైలులోంచి సర్టిఫికెట్టు తీశాను. దూసి పరమేశం అన్నచోట అడ్డంగా కొట్టేసి, పైన కొర్రా సుక్రమ్మ అని రాసి, ఆయన ముందు పెట్టాను.

ఆయన మొహంలో ఎన్ని రంగులు మారాయో! బిళ్ళలో ఉన్నవి మూడే. సస్పెన్షను, మెమో, విచారణ, ఈ మాటలన్నీ పెదవుల దాకా వచ్చినట్టే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆయన కడుపు పెద్దగా మూలిగింది. గదిలో అందరికీ వినబడింది. ముందు వరసలో పిల్ల ఒకతె కిసుక్కుమంది.

ఆయన కలం తీశారు.

“దిద్దుబాటు ఉన్నచోట పొడి సంతకం ఉండాలి, లేకపోతే చెల్లదు” అని గంభీరంగా అంటూ సంతకం చేశారు.

సుక్రమ్మ ఆ కాగితం అందుకుని తన పేరు చదువుకుంది. లేచి, నా చేతిలో కొవ్వొత్తిని రెండు వేళ్ళతో నలిపి ఆర్పి, “జేబులో పెట్టుకోండి బాబూ, కరెంటు పోతే పనికొస్తాది” అంది. నేను కూరిన కర్రలన్నీ లాగేసి, పిడి బార్లా తెరిచి, చితుకులు పేర్చింది. ఒక్క పుల్ల. అంతే, గాజు తలుపు వెనక మంట లేచింది. ముల్లు పచ్చలోకొచ్చింది. ఆవిడ పప్పు బియ్యం కలిపి గంగాళం ఎక్కించింది. ముల్లు గబగబా నీలంలోకి దిగింది. పొయ్యికి అందే సిగ్నలు దానికీ అందుతుందేమో, ఆదిశేషు గారి జేబులో ఫోను గుంయ్‌మని మొత్తుకుంది. ఆయన తీసి చూసి, గంగాళం కేసి చూసి, ఫోను నోరు నొక్కి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. మూడింటికి పిల్లలతో పాటు బల్ల మీద కూచుని రెండు సార్లు మారు వడ్డించుకుని తిన్నారు. ఆ పూట బిళ్ళ కేసి ఎవరూ చూడలేదు.

వాగు తగ్గాక, జీపు ఎక్కబోతూ ఆయన డైరీలో కొత్త ఉత్తర్వు రాసుకున్నారు. తప్పు ఒప్పుకోవడం మా మండలికి అలవాటు లేదు కాబట్టి అది ఇలా వెలువడింది: “ముల్లు నీలములోనికి దిగినచో, అన్నము ఉడుకుచున్నట్లు భావించవలెను.” అన్నం కాగితం మీదికెక్కింది కాబట్టి వంటమనిషి పోస్టు ఇక మిగులు కాదు, సుక్రమ్మకు నంబరు ఒకటి కూడా ఉంది కనుక తొలగింపు ఉత్తర్వు తనంతట తానే రద్దయిపోయింది.

ఇక మిగిలింది నేను. పొయ్యిల మండలిలో అర్హత పత్రం లేని శిక్షకుడు ఉండడానికి వీల్లేదు. అందుచేత నన్ను అర్హత సాధించి రమ్మని పంపారు, గుమ్మలబందకే. నంబరు ఒకటి కలిగిన వ్యక్తే పరీక్షాధికారి. మూడు నెలలుగా రోజూ కర్రలు కొట్టి వింటున్నాను. సెట్టేదో కర్రేదో ఇప్పుడు కొద్దికొద్దిగా తెలుస్తోంది. లైటరుకు గెంతడం మానేశానని రాజ్యానికి ఉత్తరం రాస్తే నమ్మలేదు. రెండు సార్లు పరీక్ష తప్పాను. మొదటిసారి అన్నం అడుగంటింది, రెండోసారి ఉడకలేదు.

నిన్న మూడో పరీక్ష. గంగాళం దించాక సుక్రమ్మ ఒక మెతుకు నలిపి చూసింది, గొట్టం కేసి చూసింది, నా కేసి చూసింది. ఫారం అడిగి తీసుకుని, ‘పరీక్షాధికారి అభిప్రాయము’ అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో ఏదో రాసి, మడిచి ఇచ్చింది. ఫలితం పైవాళ్ళకు చెప్పడానికి ట్యాంకు ఎక్కి, విప్పి చదివాను.

“మంచి మనిషి. ఇంకా పచ్చికర్రే. ఎండనివ్వండి.”